రేవులో చట్టం, ఊరిలో మాట: తెలుగు కార్మికుల విదేశీ నియామక చరిత్రలో మధ్యవర్తి

వ్యాససంగ్రహం:
తెలుగు ప్రాంతాల నుంచి విదేశాలకు కూలికీ కొలువుకీ వెళ్లినవారి నియామకం దాదాపు రెండు శతాబ్దాలుగా ప్రధానంగా మధ్యవర్తుల ద్వారానే సాగుతోంది. వెళ్లేవారిని మోసం నుంచి కాపాడడానికి 1837 నుంచి ప్రభుత్వాలు చట్టాలు చేస్తూనే ఉన్నాయి. ఆ చట్టాలు తనిఖీ జరిపిన చోటు ఒకటి, మోసం జరిగిన చోటు మరొకటి కావడం వాటి వైఫల్యానికి ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మారిషస్, నటాల్, బర్మా, మలయా, గల్ఫ్, ఆగ్నేయాసియా వలసలను, వాటితో పాటు తెలుగువారి వాడుకలోకి వచ్చిన కొన్ని మాటలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది.

కీలకపదాలు: వలస, గిర్మిట్, మేస్త్రీ, కంగాణి, ఏజెంటు, ప్రవాస చట్టం, గల్ఫ్, బర్మా.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒక యువకుడు గల్ఫ్‌కు ప్రయాణమయ్యాడని చెప్పవలసి వచ్చినప్పుడు ‘వీసా కొన్నాడు’ అనడం సర్వసాధారణం. చట్టం దృష్టిలో వీసా అమ్మకపు సరుకు కాదు. ఒక దేశం ఒక వ్యక్తికి ఇచ్చే ప్రవేశానుమతి అది. అయినా కొనడం అనే క్రియ ఆ మాట పక్కన ఎంత సహజంగా ఇమిడిపోయిందంటే అందులో వింత ఎవరికీ తోచదు. కొన్నవాడు ఉన్నప్పుడు అమ్మినవాడూ ఉండాలి. ఆ అమ్మినవాడు సాధారణంగా నగరంలోని లైసెన్సు ఉన్న నియామక సంస్థ కాదు. ఊరివాడో, మేనమామ వరసవాడో, అంతకుముందు దుబాయి వెళ్లివచ్చిన పొరుగువాడో అయివుంటాడు.

‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని తెలంగాణ బతుకుదెరువును మూడు మాటలలో చెప్పే నానుడి ఉంది. ఆ మూడు చోట్లకూ మనిషిని చేర్చినది మధ్యవర్తే. అయితే దేశం లోపలి వలసలో మోసపోయినవాడు ఎలాగోలా ఇంటిదారి పట్టగలడు. సముద్రం దాటినవాడికి ఆ వెసులుబాటు లేదు. తిరుగు ప్రయాణం ఖర్చు, చేతిలో లేని పాస్‌పోర్టు, ఇంటి దగ్గర పెరుగుతున్న వడ్డీ అతన్ని కట్టిపడేస్తాయి. విదేశీ నియామకంలో జరిగే మోసాన్ని మామూలు ఆర్థిక నేరంగా చూడడానికి వీలులేకపోవడానికి కారణం ఇదే.

2. కోరంగి నుంచి గిర్మిట్ దాకా

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ నిర్మూలన చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. అదే ఏడాది మారిషస్ చెరకుతోటలకు భారతీయ కూలీల రవాణా ఊపందుకుంది. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుంచి తెలుగువారు ఈ ప్రయాణాలలో చేరారు. మారిషస్‌లోనూ తరువాత బర్మాలోనూ తెలుగువారికి ‘కొరింగీ’, ‘కొరంగీ’ అనే పేర్లు స్థిరపడడానికి ఈ రేవే మూలమని సాధారణంగా చెబుతారు. 1839 నవంబరు తుఫానులో కోరంగి ఘోరంగా దెబ్బతిన్నది, క్రమంగా కాకినాడ దాని స్థానాన్ని ఆక్రమించింది. రేవు ప్రాభవం పోయినా పేరు మాత్రం సముద్రాలకు అవతల, చాలాచోట్ల కూలీ అనే అర్థచ్ఛాయతో, నిలిచిపోయింది.

1837 నాటి చట్టం ప్రకారం వెళ్లే మనిషీ, అతన్ని పంపే ఏజెంటూ ఒక అధికారి ఎదుట హాజరై, పని షరతులను రాతపూర్వకంగా చూపాలి. ఒప్పందం కాలం 5 సంవత్సరాలు. నేటి ఉద్యోగ ఒప్పందపత్రానికీ, ప్రవాస అనుమతికీ ఇదే పూర్వరూపం అనవచ్చు. కూలీలపై జరిగిన దురాగతాలు బయటపడి 1839లో ఈ ప్రయాణాలను నిలిపివేశారు. 1842లో మారిషస్‌కు తిరిగి అనుమతించారు. రేవు పట్టణాలలో ప్రవాసుల సంరక్షకాధికారి వ్యవస్థ ఆ క్రమంలోనే రూపుదిద్దుకుంది. అధికారి అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇష్టపడే వెళుతున్నావా? కూలీ చెప్పవలసిన జవాబు కూడా ఒక్కటే.

ఆ జవాబు విలువ ఎంత అన్నది అసలు సమస్య. రేవుకు చేరే సరికి కూలీ ఊరు విడిచి రోజులు గడిచిపోయేవి. దారిలో అతని తిండీ బసా ఏజెంటు మనిషే చూసుకునేవాడు. కాదని చెబితే తిరిగి వెళ్లడానికి చేతిలో పైసా ఉండదు. ఈ లోపం పాలకుల దృష్టికి రాకపోలేదు. 1864 చట్టం నాటికి రిక్రూటర్లకు లైసెన్సు, మనిషిని చేర్చుకున్న జిల్లాలోనే మేజిస్ట్రేటు ఎదుట నమోదు అనే నియమాలు వచ్చాయి. అంటే తనిఖీ రేవు నుంచి జిల్లా కచేరీ వరకు లోపలికి జరిగింది. కానీ కచేరీలో ఏమని చెప్పాలో కూలీకి ముందే నేర్పేవారు. 1893లో మోసపోయి ఫిజీ చేరిన ఉత్తరాదివాడు తోతారామ్ సనాఢ్య తన అనుభవాలను 1914లో హిందీలో పుస్తకంగా ప్రకటించాడు. మేజిస్ట్రేటు అడిగిన ప్రతిదానికీ ఔననమని దళారి ముందుగానే హెచ్చరించిన సంగతి అందులో ఉంది. అతను తెలుగువాడు కాకపోయినా అతను దాటిన కచేరీ మద్రాసు రాజధానిలోని కచేరీల వంటిదే, చట్టమూ ఒక్కటే.

1860 అక్టోబరులో మద్రాసులో బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నవంబరు 16న నటాల్‌లోని డర్బన్ చేరింది. ఆ మొదటి ఓడలో వెళ్లిన 342 మందిలోనూ, తరువాతి అర్ధశతాబ్దంలో అదే మార్గాన వెళ్లిన వేలమందిలోనూ తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ‘అగ్రిమెంట్’ అనే ఆంగ్లపదం కూలీల నోట ‘గిర్మిట్’గా మారింది. ఈ పదపరిణామంలో గమనించవలసింది ధ్వనిమార్పు ఒక్కటే కాదు. ఒప్పందం అనే అర్థం పోయి, అనుభవించి తీరవలసిన గడువు అనే అర్థం దానికి వచ్చింది. అగ్రిమెంటుపై ఇద్దరు సంతకం చేస్తారు, గిర్మిట్‌ను మాత్రం ఒక్కడే కాటాడు. 1917లో ఈ పద్ధతికి స్వస్తి పలికారు, ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి.

3. బర్మా: చట్టం లేని సముద్రం

గిర్మిట్ చరిత్రతో పోలిస్తే తెలుగువారి బర్మా వలసపై తెలుగులో జరిగిన చర్చ తక్కువ. సంఖ్యలోనూ, తీరాంధ్ర ఆర్థిక జీవితంపై చూపిన ప్రభావంలోనూ బర్మాదే పెద్ద స్థానం. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూన్‌కు మనుషులను చేరవేసేవి. రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారిలో తెలుగువారు అధికసంఖ్యాకులు. 1931 జనగణన నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే.

ఇంత పెద్ద వలసకు ప్రవాస చట్టం వర్తించలేదు. ఆ చట్టం ప్రకారం ప్రవాసం అంటే సముద్రమార్గాన బ్రిటిష్ ఇండియా వెలుపలికి పోవడం. 1937 ఏప్రిల్ 1న విడిపోయేవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. కనుక కాకినాడలో ఓడెక్కి బంగాళాఖాతం దాటిన కూలీ, చట్టం లెక్కలో, ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్లినవాడితో సమానం. అతనికి రాతపూర్వక ఒప్పందం అక్కరలేదు, సంరక్షకాధికారి ప్రశ్న లేదు. ఉన్నవాడు మేస్త్రీ ఒక్కడే.

మేస్త్రీ అనే మాట పోర్చుగీసు నుంచి వచ్చింది. పనిలో నిపుణుడు, పనివారికి పెద్ద అనే మర్యాద ఇప్పటికీ తెలుగులో దానికి ఉంది. బర్మా మేస్త్రీ ఆ మర్యాదను పెట్టుబడిగా వాడుకున్నాడు. అతను ఊరికి వచ్చి కుటుంబానికి బయానా ఇచ్చేవాడు, ఓడ టిక్కెట్టు తీసేవాడు, రంగూన్‌లో బస చూపేవాడు. మిల్లు యజమాని కూలిడబ్బు కూలీ చేతికి ఇచ్చేవాడు కాదు. అది కాంట్రాక్టరుకు, అతని నుంచి పెద్ద మేస్త్రీకి, అతని నుంచి చిన్న మేస్త్రీకి, చివరకు కూలీకి చేరేది. ప్రతి అంచె దగ్గరా కొంత తరిగేది. బయానా, టిక్కెట్టు, తిండి ఖర్చు, వడ్డీ పోగా చేతికి వచ్చేది ఎంతో కూలీ ముందుగా లెక్కవేసుకోలేడు. లెక్క పుస్తకం మేస్త్రీ దగ్గర ఉంటుంది, చాలామంది కూలీలకు చదువు రాదు. 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కార్మిక కమిషన్ ఈ పద్ధతిని పరిశీలించింది.

మేస్త్రీని కేవలం దుర్మార్గుడిగా చిత్రించడం చరిత్రను సులభం చేసుకోవడమే అవుతుంది. పరాయి భాషల నగరంలో అన్నం పెట్టేవాడు, జబ్బుచేస్తే చూసేవాడు, చస్తే ఇంటికి కబురు పంపేవాడు కూడా అతడే. ఊరికి సొమ్ము చేర్చే మార్గం చాలామందికి అతనొక్కడే. దోచుకునేవాడూ ఆదుకునేవాడూ ఒక్కడే అయినప్పుడు ఫిర్యాదు ఎవరిపై చేయాలో, ఎవరికి చేయాలో తేలదు. నేటి గల్ఫ్ ఏజెంటు విషయంలో బాధితులు ఎందుకు మౌనంగా ఉంటారన్న ప్రశ్నకు సమాధానం వెతికేవారు ఈ బర్మా అనుభవాన్ని విస్మరించలేరు.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. స్టీమరు కంపెనీల తరఫున వారి స్థానంలో బర్మావారిని తీసుకున్నారు. సమ్మె ముగిశాక తెలుగువారిని తిరిగి తీసుకొని బర్మావారిని పంపివేయడంతో పెద్ద అల్లర్లు చెలరేగి ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయారు. 1942లో జపాను దాడి వేళ లక్షలాది భారతీయులు కాలినడకన అడవులు దాటి అస్సాం వైపు వచ్చారు. 1960లలో మరోసారి తిరుగువలస జరిగింది. విశాఖపట్నంలోని ‘బర్మా క్యాంపు’ అనే పేరు ఆ జ్ఞాపకమే.

4. మలయా: ఊరి మునసబు సంతకం

మలయా రబ్బరు తోటలకు కంగాణి పద్ధతిలో వెళ్లినవారిలో తమిళులు అధికులు, తెలుగువారు వారి తరువాత చెప్పుకోదగినవారు. కంగాణి తోటలోనే పనిచేసే పెద్దకూలీ. యజమాని పంపగా సొంత ఊరికి వచ్చి, బంధువులనూ తెలిసినవారినీ వెంటబెట్టుకుపోయేవాడు. 1922 ప్రవాస చట్టం తరువాత అతని లైసెన్సుకు మద్రాసులో నమోదు తప్పనిసరి అయింది. చేర్చుకున్నవారిని గ్రామ మునసబుకు చూపాలన్న నియమం కూడా వచ్చింది. 1864 నాటి చట్టం జిల్లా కచేరీ వరకు వస్తే ఇది ఊరి చావడి దాకా వచ్చింది. వలస నియంత్రణ చరిత్రలో ఇది అరుదైన ప్రయత్నం. అయితే కంగాణికీ మునసబుకూ నడుమ ఉండే పరిచయాన్ని ఏ నియమమూ తొలగించలేదు. 1938లో భారత ప్రభుత్వం మలయాకు సహాయక కూలీ వలసను నిషేధించడంతో ఈ అధ్యాయం ముగిసింది. తరువాతి చట్టం మునసబు సంతకం వంటి ఏర్పాటును కొనసాగించలేదు.

5. గల్ఫ్: పెద్ద ఏజెంటు, చిన్న ఏజెంటు

1970లలో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణ పనులు ముమ్మరమైనప్పుడు కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచీ, కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వలస మొదలైంది. అప్పటికి అమలులో ఉన్నది 1922 నాటి చట్టమే. తోటకూలీల కోసం రాసిన ఆ చట్టం బొంబాయిలో వెలసిన నియామక కార్యాలయాలను ఎదుర్కోలేకపోయింది. 1983 ప్రవాస చట్టం ఆ ఏడాది డిసెంబరు 30న అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం నమోదు పత్రం లేనిదే ఎవరూ విదేశీ కొలువులకు మనుషులను చేర్చకూడదు. పదోతరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు సాధారణంగా ‘ఇ.సి.ఆర్.’ తరగతిలోకి వస్తుంది. అటువంటివారు గల్ఫ్ దేశాలతో సహా నిర్దేశించిన 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే సంరక్షకాధికారి అనుమతి పొందాలి. హైదరాబాదులోనూ ఆ కార్యాలయం ఉంది. 2014 తరువాత వచ్చిన ‘ఈ-మైగ్రేట్’ వ్యవస్థలో యజమాని, నియామక సంస్థ, ఒప్పందం, బీమా అన్నీ ఒకేచోట నమోదవుతాయి. ఏజెంటుకు నమోదు ఉన్నదీ లేనిదీ ఎవరైనా అక్కడ చూడవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా పథకం కింద 10 లక్షల రూపాయల రక్షణ ఉంది. నియామక సంస్థ కార్మికుని నుంచి తీసుకోదగిన సేవారుసుము 30,000 రూపాయలకు, దానిపై జి.ఎస్.టి.కి మించరాదు, దానికి రసీదు ఇవ్వాలి. తెలంగాణలో ‘టామ్‌కామ్’, ఆంధ్రప్రదేశ్‌లో ‘ఓమ్‌క్యాప్’ అనే ప్రభుత్వరంగ నియామక సంస్థలు కూడా ఉన్నాయి.

కాగితం మీద ఇంత రక్షణ ఉండగా వీసా లక్షలకు ఎలా అమ్ముడవుతోంది? జవాబు చట్టంలోని నిశ్శబ్దంలో ఉంది. 1983 చట్టానికి నమోదైన ఏజెంటు తెలుసు. ఊరిలో తిరిగే చిన్న ఏజెంటు, అంటే సబ్ ఏజెంటు, దానికి తెలియడు. హైదరాబాదులోనో ముంబైలోనో ఉన్న నమోదైన సంస్థకు మనిషిని పట్టి ఇచ్చేవాడు అతడే, డబ్బు చేతులు మారేదీ అతని ఇంటి అరుగు మీదే. ఆ డబ్బుకు రసీదు ఉండదు. పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ అన్న బర్మా అంచెలు పెద్ద ఏజెంటు, చిన్న ఏజెంటుగా పేరు మార్చుకున్నాయి. 2019లోనూ 2021లోనూ కేంద్రం ప్రకటించిన కొత్త చట్టం ముసాయిదాలు సబ్ ఏజెంట్లను పరిగణనలోకి తీసుకున్నా అవి చట్టాలు కాలేదు.

మోసం తీరును చూస్తే పాతదనమే కనిపిస్తుంది. ఊరిలో చెప్పిన పని ఒకటి, దిగాక అరబ్బీలో సంతకం చేయించుకునే ఒప్పందంలో ఉన్న పని, జీతం మరొకటి. సందర్శక వీసా మీద పంపి, వెళ్లాక ఉద్యోగ వీసాగా మార్పిస్తామనడం ఇంకొక మార్గం. వీటన్నిటికన్నా ఆకర్షణీయమైనది ‘ఆజాద్ వీసా’. గల్ఫ్‌లోని కఫాలా పద్ధతిలో విదేశీ కార్మికుడు ఒక స్థానిక పూచీదారుకు, అంటే కఫీల్‌కు, కట్టుబడి ఉండాలి. పని చూపకుండా పేరుకు మాత్రమే కఫీల్‌గా నిలిచి వీసా అమ్ముకునేవారు ఉన్నారు. అది కొన్నవాడు ఎక్కడైనా పని చూసుకోవచ్చని ఏజెంటు చెబుతాడు. ఆజాద్ అంటే స్వేచ్ఛ. నిజానికి కఫీల్ కాని వారి దగ్గర పనిచేయడం అక్కడ నేరం. పట్టుబడితే జైలు, ఆపై దేశబహిష్కారం. కఫీల్‌ను విడిచి పత్రాలు లేకుండా తిరిగేవారిని గల్ఫ్ తెలుగువారు ‘ఖల్లివల్లి’ అంటారు. పోనిమ్మను అనే అర్థంగల అరబ్బీ పలుకుబడి అది. గిర్మిట్ లాగానే ఈ మాట కూడా పరాయిభాష నుంచి వచ్చి, బాధపడినవారి నోట కొత్త అర్థం తెచ్చుకుంది. తనను ఎవరూ పట్టించుకోని స్థితికి ఒక మనిషి పెట్టుకున్న పేరు ఇది.

మోసపోయినవాడు ఫిర్యాదు చేస్తే చాలాసార్లు మామూలు మోసం కేసుగా నమోదవుతుంది. 1983 చట్టం కింద విచారణకు కేంద్రప్రభుత్వ ముందస్తు అనుమతి కావాలి. బాధితుడు గానీ దగ్గరి బంధువు గానీ స్వయంగా ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అవసరం లేదన్న మినహాయింపు 27వ సెక్షనులోనే ఉన్నా అది అంతగా ప్రచారంలో లేదు. పైగా ఏజెంటు చుట్టమైనప్పుడు విషయం ఠాణా కన్నా ముందు కులపెద్దల దగ్గరకు పోతుంది. అక్కడ చర్చ అసలు ఎంత తిరిగివస్తుందన్న దానిమీదే నడుస్తుంది. వడ్డీ సంగతి, పోయిన ఏళ్ల సంగతి ఎత్తేవారుండరు.

6. ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలు

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లే స్త్రీల పరిస్థితి విడిగా పరిశీలించదగినది. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుగల 30 ఏళ్లలోపు స్త్రీలకు భారత ప్రభుత్వం ప్రవాస అనుమతి ఇవ్వదు. ఆపై వయసువారి నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. రక్షణ కోసం ఏర్పరచిన ఈ నిషేధం పేద స్త్రీల అవసరాన్ని తగ్గించలేదు. దారిని మాత్రం మార్చింది. పాస్‌పోర్టులో వయసు పెంచడం, సందర్శక వీసాపై ఒక దేశంలో దింపి అక్కడి నుంచి మరో దేశానికి తరలించడం వంటి పద్ధతులు ఏజెంట్లకు ఆదాయమార్గాలయ్యాయి. అలా వెళ్లిన స్త్రీ పేరు ఈ-మైగ్రేట్‌లో ఉండదు కనుక, ఆపద వచ్చినప్పుడు ఆమె ఏ ఇంట ఉన్నదీ రాయబార కార్యాలయానికి తెలియదు. కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టం వారాంతపు సెలవును, పనిగంటల పరిమితిని గుర్తించింది. కానీ ఇంటి తలుపు లోపల దానిని అమలుపరచేదెవరన్నది వేరే ప్రశ్న. ఆ ఇల్లు విడిచి బయటపడిన స్త్రీపై యజమాని ‘పారిపోయింది’ అని ఫిర్యాదు చేస్తే ఆమె బాధితురాలి స్థానం నుంచి నిందితురాలి స్థానానికి మారుతుంది.

7. చదువుకున్నవారి వంతు

1837 నుంచీ వలస చట్టాల వెనుక ఒక ఊహ ఉంది: మోసపోయేవాడు చదువురానివాడు. పదోతరగతిని గీటురాయిగా పెట్టడం ఆ ఊహకు ఇటీవలి రూపం. పదోతరగతి దాటినవాడికి సంరక్షకాధికారి ప్రశ్న అవసరం లేదని చట్టం భావించింది.

2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన వ్యవహారం ఈ ఊహను తలకిందులు చేసింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి నిరుద్యోగ యువకులను ఏజెంట్లు కంబోడియాకు తరలించారు. అక్కడ వారిని నిర్బంధించి, భారతదేశంలోని వారినే ఫోను ద్వారా, అంతర్జాలం ద్వారా మోసగించే పనిలో పెట్టారు. వెళ్లినవారు చదువుకున్నవారు, కంప్యూటరు తెలిసినవారు. వారి పాస్‌పోర్టుకు ప్రవాస అనుమతి అక్కరలేదు. కంబోడియా ఆ 18 దేశాల జాబితాలో లేదు. చేతిలో ఉన్నది పర్యాటక వీసా. విమానాశ్రయంలో వారిని ఆపి అడగవలసిన కారణం చట్టరీత్యా ఏ అధికారికీ కనిపించదు. పర్యాటక వీసాతో ఉద్యోగం చేయకూడదన్న సంగతి వారికి తెలియక కాదు, దిగాక మారుస్తారన్న మాటను నమ్మారు. ఆ మాట వారికి ఊరిలోనే, తెలిసినవారి ద్వారానే అందింది. గల్ఫ్ కార్మికుడు తన శ్రమకు తగిన కూలి రాక నష్టపోయాడు. ఈ యువకులు పరాయివారిని మోసగించక తప్పని స్థితిలో పడి, తిరిగి వచ్చాక బాధితులా నేరస్థులా అన్న ప్రశ్నను ఎదుర్కోవలసి వచ్చింది.

ఇదే తరహా కేంద్రాలు మయన్మార్‌లో థాయ్‌లాండ్ సరిహద్దున ఉన్న మ్యావడి ప్రాంతంలోనూ వెలిశాయి. నాటి బర్మాయే నేటి మయన్మార్. కాకినాడ స్టీమరులో డెక్కు మీద కూర్చుని వెళ్లిన కూలీ దగ్గర ఒప్పందపత్రం లేకపోవడానికి కారణం అతని ప్రయాణం చట్టంలో ప్రవాసం కాకపోవడం. బ్యాంకాక్ విమానం ఎక్కిన పట్టభద్రుని దగ్గర అది లేకపోవడానికి కారణం అతను పర్యాటకుడిగా నమోదు కావడం. 2025 మార్చిలో భారత వాయుసేన విమానాలు థాయ్‌లాండ్‌లోని మే సోట్ పట్టణం నుంచి 500 మందికి పైగా భారతీయులను వెనక్కి తెచ్చాయి. వారిలో రెండు తెలుగు రాష్ట్రాలవారూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని విని ఇల్లు విడిచిన పలువురు, నది దాటాక గానీ తాము చేరింది మయన్మార్ అని తెలుసుకోలేదు.